అమ్మకు వేసిన కుర్చీ

నాకు కోపం ఎక్కువని మా చుట్టాలందరూ అంటారు. ఎక్కువే. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ అది నాకు పుట్టుకతో వచ్చిందన్నట్టు మాట్లాడతారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను. మెట్రిక్ పాసయ్యేదాకా నేను నోట్లో నాలుక లేని పిల్లనే. నా కోపం అబిడ్స్‌లో పుట్టింది. ఒక కాలేజీ ఎంట్రన్సు పరీక్షలో, ఎస్సే పేపరు మీద పుట్టింది.

ఆ కాలేజీ పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నలుగురు డబ్బున్నవాళ్ళు కమిటీగా కూడి, అబిడ్స్ వెనక ఒక బంగళా కిరాయికి తీసుకుని పెట్టారు. యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకే మూసేశారు. ఇంగ్లీషులో సైన్సు చెబుతామన్నారు, ఆడపిల్లలను కూడా చేర్చుకుంటామన్నారు. నాకు డాక్టరు కావాలని ఉండేది. మా బాపు వామన్‌రావు గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో గుమాస్తా. ఆయన తన ఫైసలా ముందే చెప్పేశాడు.

"మన నాంపల్లికెల్లి నడిచి పోయేటంత దూరంల ఉన్నది కాబట్టి ఒప్పుకుంటున్న. గాడ సీటొస్తే చదువు. రాకుంటే ఇంట్ల కూసో. మళ్ళ నన్ను అడగొద్దు."

పరీక్షలో లెక్కలు, ఇంగ్లీషు గ్రామరు, ఎస్సే అని మూడు పేపర్లు. లెక్కలు నాకు మంచినీళ్ళ ప్రాయం. గ్రామరుకూ భయం లేదు. ఎస్సే దగ్గరే మా అరుగు మీద యుద్ధం మొదలైంది. జర్మనీ వాళ్ళు కూడా అంత పట్టుదలగా కొట్లాడి ఉండరు.

"ఎస్సే ఎవడు చూస్తడయ్యా? లెక్కలు తప్పో ఒప్పో తెలుస్తది. ఎస్సేల ఏం తెలుస్తది? పేజీ నిండిందా లేదా, గంతే" అనేవాడు బాపు.

"నీకు తెల్వదు వామన్‌రావ్. కాలేజీవాళ్ళు ముందుగాల చూసేదే ఎస్సే. పిల్లల తెలివంత గండ్లనే బయటపడ్తది" అనేవాడు ఎదురింటి సదాశివ మామ. ఆయన ఒక జాగీర్దారు దగ్గర పెద్ద గుమాస్తా. ఆ జాగీర్దారు కాలేజీ కమిటీలో ఉన్నాడు. సదాశివ మామ కొడుకు విద్యాసాగర్ కూడా నాతోపాటే పరీక్ష రాస్తున్నాడు. మంచి పిల్లవాడు. చిన్నప్పుడు మా ఇంట్లోనే ఆడుకునేవాడు. చదువులో మాత్రం దున్నపోతు మీద వాన.

వారం పది రోజులు వాదించి వాదించి బాపు ఓడిపోయాడు. ఓడిపోయినవాడు ఊరుకోడు కదా, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడు. నాంపల్లి స్టేషన్ ఎదురుగా చాప పరుచుకుని అర్జీలు రాసే శ్యామ్‌సుందర్ మున్షీని నాకు ఎస్సే నేర్పడానికి పెట్టాడు. "ఉర్దూల, ఇంగ్లీషుల ఆయన రాసిన కాగితం వాపస్ రాలేదు ఇప్పటిదాంక" అన్నాడు గొప్పగా. అర్జీకి, ఎస్సేకి తేడా ఉందని మా బాపుకు తోచలేదు. తప్పు ఆయనది మాత్రమే అనలేను. మా వాడకట్టులో కాగితం మీద రాత అంటే అర్జీయే. మనం రాస్తాం, పెద్దవాళ్ళు చదువుతారు, దయ వస్తే ఇస్తారు. అంతకుమించి రాతతో పని ఉంటుందని మాలో ఎవరికీ తెలియదు.

మున్షీ సాబ్ రోజూ సాయంత్రం వచ్చేవాడు. తెల్ల గడ్డం, మాసిన షేర్వానీ, మెత్తని మాట.

"బేటీ, యాదుంచుకో. కాగితం మీదికెల్లి సలాం. నడిమిట్ల గరీబుతనం. కింద దువా. గీ మూడు లేని కాగితం ఏ సాబూ చదువడు."

"ఆవు మీద ఎస్సే అయితే మున్షీ సాబ్?"

"ఆవైనా సరే. ముందుగాల చదివేటాయనకు సలాం కొట్టు. తర్వాత మా ఇంట్ల ఆవు లేదు, పాలకు తిప్పలైతున్నదని రాయి. ఆఖరికి ఆయన పిల్లలు చల్లగుండాలని దువా చెయ్యి."

నవ్వొచ్చింది. నవ్వాను. ఆయన నవ్వలేదు. నలభై ఏళ్ళుగా వంగి వంగి రాసిన మనిషి ఆయన. నిటారుగా నిలబడ్డ వాక్యం చూస్తే ఆయనకు నిజంగా భయం వేసేది. నా వాక్యాలను ఒక్కొక్కటే వంచి, దాని చేతులు కట్టించి, నాకు తిరిగి ఇచ్చేవాడు.

పరీక్ష నాలుగు రోజులుందనగా మా అమ్మ ప్రభావతి నాకు కొత్త ఫౌంటెన్ పెన్ను కొనిపెడతానని బయలుదేరదీసింది. అమ్మ ఇల్లు దాటి బజారుకు పోవడమే తక్కువ. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, ఎండలో నన్ను వెంటబెట్టుకుని అబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణానికి నడిచింది. అద్దాల తలుపులు, లోపల పంఖాలు. తలుపు దగ్గర తలపాగా చుట్టిన దర్వాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపటికి దొరసానులొస్తరమ్మా. మీరు గీడనే ఉండున్రి. ఏం గావాల్నో చెప్తే తెచ్చి చూపిస్తరు."

చెప్పాం. ఎవరూ ఏమీ తెచ్చి చూపించలేదు. అద్దంలోంచి లోపల ఒక కుర్చీ కనబడుతున్నది. ఎర్ర మెత్త వేసిన మంచి కుర్చీ. ఒక దొరసాని మమ్మల్ని తప్పుకుని లోపలికి పోయి, తన చంకలోని కుక్కపిల్లను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ అది చూసి కూడా నిలబడే ఉన్నది. చాలాసేపటికి గొంతు ఎండి, మంచినీళ్ళు ఇప్పించమని దర్వానును అడిగింది. మేనేజరు తలుపులోంచి తల బయటికి పెట్టి, "నీళ్ళు మొజంజాహీ మార్కెట్ల దొరుకుతయి, పొండి" అన్నాడు.

"నడువ్ బిడ్డా" అన్నది అమ్మ. అంతే. కోఠిలో పాత పుస్తకాల దుకాణం దగ్గర ఎవరో వాడి అమ్మేసిన పెన్ను ఒకటి కొనిచ్చింది. ఇంటికి వచ్చేటప్పుడు "గీ ముచ్చట మీ బాపుకు చెప్పకు" అన్నది.

ఎస్సే పరీక్షలో ఇచ్చిన విషయం, మీ ఊళ్ళో మీకు తెలిసిన ఒక వీధి. కోఠి పెన్నుతో మొదట సలాం రాశాను. మున్షీ సాబ్ నేర్పిన సలామే. రాస్తుంటే పెన్ను సిరా కక్కి నా వేళ్ళంతా అయింది. ఆ వేళ్ళను చూసుకుంటుంటే దుకాణం ముందు చీర కొంగుతో మొహం తుడుచుకుంటున్న అమ్మ గుర్తొచ్చింది. రాసిన సలాం మీద అడ్డంగా గీత గీసేశాను. అబిడ్స్ వీధి గురించే రాశాను. దుకాణం పేరు రాశాను, దర్వాను మాట రాశాను, కుర్చీలో ఎవరు కూర్చున్నారో, ఎవరు నిలబడ్డారో రాశాను. నా జన్మలో మొదటిసారి ఎవరినీ ఏమీ అడుక్కోకుండా ఒక కాగితం నింపాను. బయటికి వస్తుంటే ఒళ్ళు తేలికగా ఉంది.

మార్కులు కాలేజీ గోడకు అంటించారు. లెక్కల్లో అందరికంటే నాకే ఎక్కువ. గ్రామరులో రెండో స్థానం. ఎస్సేలో యాభైకి మూడు. ఎస్సేలో ఇరవై రాకపోతే మిగతావి ఎన్ని వచ్చినా సీటు లేదట. ఆ నియమం పరీక్షకు ముందు ఎవరూ చెప్పలేదు. విద్యాసాగర్‌కు ఎస్సేలో నలభై. అతని పేరు చేర్చుకున్నవాళ్ళ వరుసలో ఉంది.

మర్నాడు సదాశివ మామ ఇంట్లో పేడాలు పంచారు. మా ఇంటికి పళ్ళెం పట్టుకొచ్చినవాడు విద్యాసాగరే. వాకిట్లో నిలబడి నా మొహం చూడలేక, గడప చూస్తూ మాట్లాడాడు.

"కమలా, నీకో ముచ్చట చెప్పాలె. నేనసలు ఎస్సే రాయనే లేదు. ఆ దినం నాకు జరం. కళ్ళు తిరుగుతుండె. నంబరేసి తెల్లకాగితం ఇచ్చి వచ్చిన."

"మరి నలభై ఎట్లొచ్చినయ్?"

"నాకేం ఎర్క? ఒట్టు. మా నాయినను అడిగితే నోర్మూసుకొమ్మన్నడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పళ్ళెం అతని చేతుల్లోనే ఉంచి తలుపు వేసేశాను. అతన్ని కొట్టాలనిపించలేదు. అతను నిజం చెప్పాడు. ఎవరిని కొట్టాలో తెలియని కోపం ఉంటుంది చూడండి, అది పెట్టే బాధ ఇంతా అంతా కాదు. ఎస్సే ఎవడు చూస్తాడన్న బాపూ, ఎస్సేయే ముందు చూస్తారన్న సదాశివ మామా ఇద్దరూ అబద్ధం చెప్పినట్టే. తెల్లకాగితానికి నలభై ఇచ్చినవాళ్ళు నిండు కాగితానికి మూడు ఇచ్చారు. అంటే నాది చదివారన్నమాట.

చదివారు. బాపు నన్ను తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోతే, ఆయన నా పేపరు బల్ల మీదే పెట్టుకుని ఉన్నాడు.

"రెండుసార్లు చదివాను" అన్నాడు ప్రిన్సిపాల్. "భాషలో తప్పుల్లేవు. మర్యాదలోనే ఉన్నాయి. ఈ దుకాణం యజమాని మన కమిటీ సభ్యుడు. మా బెంచీలన్నీ ఆయన ఇచ్చినవే. ఆయన దుకాణం గురించి ఒక విద్యార్థిని ఇట్లా రాయవచ్చునా? పేపరు ఆయనకు కూడా చూపించాల్సి వచ్చింది."

నేను విద్యాసాగర్ పేరు ఎత్తబోయాను. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎదురింటివాళ్ళతో వైరం ఆయనకు చావుతో సమానం.

"అమ్మాయి తెలివైనది. పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేదు" అన్నాడు ప్రిన్సిపాల్. "క్షమాపణ కోరుతూ ఒక దరఖాస్తు రాసివ్వండి. తొందరపాటులో తప్పుగా రాశానని, నిజానికి దుకాణం వారు మీ అమ్మగారిని ఎంత మర్యాదగా చూశారో రాయండి. కమిటీ ముందు పెడతాను."

"రాస్తది సార్" అన్నాడు బాపు, చేతులు జోడించి.

తిరిగి వస్తూ మొజంజాహీ మార్కెట్ మూల తిరుగుతుండగా బాపు అడిగాడు. "దుకాణం కాడ అట్ల జరిగింది నిజమేనా?"

"ఔ."

ఇంకా కొంత దూరం నడిచాక అన్నాడు. "నిజమైతే మాత్రం రాస్తరా?"

ఆ సాయంత్రం మున్షీ సాబ్ వచ్చాడు. ఈసారి ఆయన చేతికి దొరికింది నిజమైన అర్జీ. ఎంత అందంగా చెప్పి రాయించాడనుకున్నారు! పైన సలాం. నడుమ గరీబుతనం. ఆ తర్వాత, దుకాణం వారు నా తల్లిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చల్లని మంచినీళ్ళిచ్చి ఆదరించారని, ఎండదెబ్బకు మతి చలించి నేనే అబద్ధాలు రాశానని. కింద కమిటీ వారి పిల్లాపాపలకు దువా. "నా చేతితో రాయను" అన్నాను. బాపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "రాయకుంటే ఇంట్ల కూసోవాలె బిడ్డా. ఇష్టం నీది" అన్నాడు. బెదిరించినట్టు కూడా కాదు, బతిమాలినట్టు అన్నాడు. మింగలేక కక్కలేక అదే కోఠి పెన్నుతో రాశాను. అమ్మ చాయ్ తెచ్చి నా పక్కన పెట్టింది. ఆమెకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. ఇంగ్లీషు రాదు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"అర్జీ అమ్మా. సీటు కోసం."

"మంచిగ రాయి" అన్నది.

మంచిగానే రాశాను. సీటు ఇచ్చారు.

మొదటి రోజు ఇంగ్లీషు క్లాసుకు ప్రిన్సిపాలే వచ్చాడు. ముందు బెంచీలో మేం ఆడపిల్లలం, వెనక మగపిల్లలు. కాలేజీలో చేరినవాళ్ళు ముందుగా నేర్చుకోవలసింది రాయడమని చెప్పి, జేబులోంచి ఒక కాగితం తీశాడు. చూడగానే గుర్తుపట్టాను. నా దరఖాస్తు.

"వినయం వస్తే భాషకు ఎంత అందం వస్తుందో చూడండి. ఇదే అమ్మాయి పరీక్షలో రాసిన ఎస్సేకు మూడు మార్కులు. దీనికి నన్నడిగితే నలభై ఐదు ఇస్తాను" అంటూ మొదలుపెట్టాడు. సలాం చదివాడు. గరీబుతనం చదివాడు. దుకాణం వారు నా తల్లిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి...

లేచి నిలబడ్డాను.

"ఆపండి సార్. అది అబద్ధం."

"కూర్చో."

"కూర్చోను. మా అమ్మకు ఎవరూ కుర్చీ వెయ్యలేదు. ఆ కుర్చీలో కుక్క కూర్చుంది. నేను పరీక్షలో రాసిందే నిజం, దానికే మీరు మూడు ఇచ్చారు. ఈ అబద్ధం మీరే రాయమన్నారు, మీరే చదువుతున్నారు, మీరే మార్కులు వేస్తున్నారు. ఎస్సే అంటే ఎట్లా ఉండాలో నేర్పాలంటే, నలభై వచ్చింది కదా, విద్యాసాగర్ ఎస్సే చదవండి సార్. మాకు వినాలని ఉంది."

ప్రిన్సిపాల్ మొహం ఎర్రబడింది. అప్పుడు వెనక బెంచీ కదిలిన చప్పుడైంది. విద్యాసాగర్ నిలబడ్డాడు.

"నాది చదవనీకి ఏం లేదు సార్. నేను తెల్లకాగితం ఇచ్చిన."

ఒక్కడు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ బల్ల మీద గుద్ది, నాకు వేలితో గుమ్మం చూపించాడు. ఆ సాయంత్రానికే నా పేరు కొట్టేశారు. విద్యాసాగర్‌ను ఏమీ అనలేదు. పిల్లవాడికి జ్వరం ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఏదో పలవరించాడు అన్నారు.

నేను డాక్టరును కాలేదు. ఒక ఏడాది బాపు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత అమ్మ పోరు పడలేక కోఠి ఆడపిల్లల కాలేజీకి పంపాడు. లెక్కలు చదివి, లెక్కలే చెప్పి రిటైరయ్యాను. ఆ సీటు పోయినందుకు ఇప్పటికీ మండుతుంది. అది చల్లారిందని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ నేను చెప్పాలనుకున్నది, క్లాసులోంచి నన్ను పంపేసిన ఆ రోజు మధ్యాహ్నం జరిగిన సంగతి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చాటలో బియ్యం ఏరుతున్నది. బాపు ఆఫీసులో ఉన్నాడు. ఎదురుగా కూలబడి మొత్తం చెప్పాను. పరీక్షలో రాసింది, అర్జీలో రాసింది, క్లాసులో జరిగింది, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. అమ్మ ఒక రాయి ఏరి పక్కన వేసింది.

"కుర్చీ ఏసిన్రని రాసినవా?"

"ఔ."

"నీళ్ళు గూడ ఇచ్చిన్రని?"

"ఔ అమ్మా."

"అది చదివి కమిటోల్లు ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు. సీటిచ్చిన్రు."

అమ్మ చాట దించి లేచింది. మళ్ళీ ఆ మంచి చీరే కట్టుకుంది. చెప్పులు తొడుక్కుంది. "నడువ్" అన్నది. అబిడ్స్ దాకా అమ్మ ముందు, నేను వెనక. ఆమె అంత వేగంగా నడవగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

దర్వాను చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మా, మీరు గీడనే..."

"జరుగు" అన్నది అమ్మ. ఆ గొంతుకు వాడు జరిగాడు. లోపలికి పోయి, ఎర్ర మెత్త వేసిన ఆ కుర్చీలో కూర్చుని, కొంగు సర్దుకుంది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ఇదేమిటి, లెమ్మన్నాడు.

"ఎందుకు లెవ్వాలె?" అన్నది అమ్మ. "మీరు నాకు కుర్చీ ఏసి నీళ్ళిచ్చిన్రని నా బిడ్డ కాలేజీకి కాగితం రాసిచ్చింది. కమిటీల మీ దొర అది చదివి నిజమేనని ఒప్పుకున్నడు. ఇప్పుడు నన్ను లేపితే ఆ కాగితం అబద్ధమైతది. మీ దొర అబద్ధాలోడైతడు. పోయి అడుగు. అడిగొచ్చేటప్పుడు నీళ్ళు తేపో."

అక్కడ కొనుక్కుంటున్న వాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. మేనేజరు దొర కూర్చునే లోపలి గదిలోకి పోయాడు. మాటలు వినపడ్డాయి కానీ ఏమన్నారో తెలియలేదు. బయటికి వచ్చినప్పుడు వాడి మొహం వెలవెలపోయి ఉంది. వెనక ఒక నౌకరు గాజు గ్లాసులో నీళ్ళు పట్టుకుని వచ్చాడు. అమ్మ మెల్లగా, అంతా తాగింది.

"ఇగ పెన్నులు చూపియ్యి" అన్నది.

చూపించారు. ఒక తెల్లకాగితం కూడా ఇచ్చారు, గీసి చూసుకోవడానికి. అమ్మ ఒక్కో పెన్నూ తీసుకుని, తెలుగులో తన పేరు రాసి చూసింది. ప్రభావతి, ప్రభావతి, ప్రభావతి. వాళ్ళ దగ్గరున్న పెన్నులన్నిటితో రాసింది. కాగితం నిండాక దాన్ని మేనేజరు ముందుకు జరిపింది.

"ఒక్కటి గూడ మంచిగ రాస్తలేదు" అని లేచింది. "నడువ్ బిడ్డా. బియ్యం అట్లనే విడిచిపెట్టొచ్చిన."